నాలుగో గడి

కటింగ్ మాస్టర్ చేతికి ఫారం వచ్చింది సోమవారం పొద్దున్న. భోజనాల గంట కొట్టేసరికి కోట్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ప్రతివాడూ కంప్యూటర్ పండితుడైపోయాడు. ఉచిత సలహాకి ఏం పోయింది, నోరుంటే చాలు.

ఫారం ఒక్క పేజీయే. కటింగ్‌లో చేతిపని ఈ వారంతో ఆఖరని, అట్ట అచ్చులు బట్ట మీద ఎలా పరవాలో ఇకమీదట కంప్యూటర్ చూసుకుంటుందని, కోత మిషన్ చూసుకుంటుందని పైన రాసి ఉంది. మాస్టర్ కావాలనుకుంటే ఆర్నెల్లపాటు ఏదైనా ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు, ఖర్చు కంపెనీదే. నేర్చుకుంటే సిస్టమ్స్ గదిలో కుర్చీ వేస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు. కింద మూడు గళ్ళు: జావా, పైథాన్, జావాస్క్రిప్ట్. ఒక్కదానికే టిక్కు పెట్టాలి, పెట్టాక మార్చడం కుదరదు. గురువారం సాయంత్రం దాకా గడువు.

నలభై ఆరేళ్ళ మనిషి. అందులో ఇరవై నాలుగేళ్ళు ఒకే బల్ల ముందు నిలబడ్డాడు. ఈ మూడు పేర్లలో ఏది ఏమిటో అతనికి అక్షరం ముక్క తెలియదు.

"పైథాన్ పెట్టు మాస్టరూ, కళ్ళు మూసుకుని పెట్టు. మా తోడల్లుడి కొడుకు అదే చదివాడు, ఇప్పుడు వాణ్ణి పట్టుకోలేం," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"ఏం, పారిపోతున్నాడా?" అన్నాడు బొత్తాల మామ. బొత్తాలు కుట్టే మిషన్ మీద జీవితం గడిపేసిన పెద్దాయన, అందరికీ మామే. ఫారం తీసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "ఇదిగో, ఈ జావా, ఆ జావాస్క్రిప్టు అన్నదమ్ములా?"

"ఏమో మామా."

"అన్నదమ్ములైతే పెద్దవాడినే పట్టు. చిన్నవాడు ఎలాగూ మాట వింటాడు."

అందరూ నవ్వారు, మాస్టర్ కూడా నవ్వాడు. గంట కొట్టగానే ఎవరి మిషన్ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఫారం బల్ల మీద సుద్దముక్క కింద ఉండిపోయింది.

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. కళ్ళజోడు, భుజాన సంచి, సంచిలో లాప్‌టాప్. అచ్చులు పరిచే ప్రోగ్రాం రాయడానికి కాంట్రాక్టు మీద తెచ్చుకున్న మనిషి. వెనకాలే వచ్చిన మేనేజరు, "మాస్టర్, మీకు తెలిసిందంతా ఈ అమ్మాయికి చెప్పండి. ఏమీ దాచుకోకండి," అని అక్కడ వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె ఒక స్టూలు లాక్కుని బల్ల పక్కన కూర్చుంది.

మాస్టర్ బింకంగానే ఉన్నాడు. తన అన్నం తీసి పట్టుకుపోవడానికి వచ్చిన మనిషికి కబుర్లేం చెబుతాడు? బూడిదరంగు బట్ట పరిచి అచ్చులు సర్దడం మొదలెట్టాడు. కోటుకి పదహారు ముక్కలు, వాటి మధ్య గుడ్డ ఎంత తక్కువ మిగిలితే అంత గొప్ప.

"పెద్ద ముక్కలు ముందు పెడతారా, చిన్నవా?" అని అడిగింది.

"పెద్దవే," అన్నాడు తలెత్తకుండా. కాసేపాగి, అదేం పాపమో, నోరు ఊరుకోలేదు. "పెద్దవాళ్ళు కూర్చుంటే పిల్లలు ఏ సందులోనైనా సర్దుకుంటారు."

ఆమె ఫక్కున నవ్వింది, నవ్వుతూనే అది టైపు చేసుకుంది. తన మాటకి ఒక మనిషి ఎదురుగా కూర్చుని నవ్వి ఎన్నాళ్ళయిందో మాస్టర్‌కి గుర్తు రాలేదు.

"మరి ఈ కాలర్ ముక్క ఇటెందుకు తిప్పారు?"

"అదా, అది పొగరుబోతు. దానికి నచ్చిన చోటు ఇవ్వకపోతే తర్వాత మెడ దగ్గర ముడుచుకుని కూర్చుంటుంది. ముందే బతిమాలుకోవాలి."

సాయంత్రం గంట కొట్టేదాకా ఆమె అడుగుతూనే ఉంది, అతను చెబుతూనే ఉన్నాడు. జేబు ముక్కలు ఎప్పుడు జంటగా పెట్టాలి, ఎప్పుడు విడదీయాలి, చేతి ముక్క వంపులో ఇంకో చేతి వంపు ఎలా ఒదిగిపోతుంది, అన్నీ. ఇరవై నాలుగేళ్ళలో 'తొందరగా కానీ' అన్నవాళ్ళే గాని, 'ఎందుకలా' అని అడిగిన నాథుడు లేడు. అడిగితే కదా చెప్పడం.

మాస్టర్ ఇంటికొచ్చి దీపం వేసి, పొయ్యి వెలిగిస్తుండగా బావమరిది ఫోన్ చేశాడు. ఎవరి ద్వారానో కబురందిందట.

"బావా, జావాయే పెట్టండి. ఉద్యోగాలన్నీ అందులోనే ఉన్నాయి. పైథాన్ అంటారు, వినకండి, అందరూ దాని మీదే పడ్డారు. మీ వయసుకి... సరే, వయసు సంగతి వదిలేయండి. జావా. ఉంటాను మరి, ఇంకో ఫోనొస్తోంది."

రెండు నిమిషాలు. అతని అక్క, అంటే మాస్టర్ భార్య, పోయి మూడేళ్ళయింది, ఆ రెండు నిమిషాల్లో ఎలా ఉన్నారు బావా అన్న మాట లేదు. ఫోన్ పెట్టేసి మాస్టర్ తిన్నాడు. తిన్నాక పాత పేపరు తీసి, కత్తెరతో కోటు ముక్కలు చిన్నచిన్నవి కత్తిరించాడు. వాటిని చాప మీద పరిచి, ఏ ముక్క ఎందుకు ఎక్కడ పెడతాడో పైకి చెప్పుకుంటూ సర్దాడు. రేపు ఆ అమ్మాయి అడిగితే తడుముకోకూడదు కదా.

*

మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే వచ్చాడు. బొత్తాల మామ కనిపెట్టేశాడు.

"ఏరా, పెళ్ళిచూపులా?"

"చాల్లే మామా. నా కూతురుంటే ఆ వయసుండేది."

మామ నవ్వు మానేశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, నువ్వు చెప్పే ప్రతి ముక్కా ఆ డబ్బాలోకి పోతోంది. కూర్చున్న కొమ్మని నువ్వే నరుక్కుంటున్నావు. కొంచెం కడుపులో దాచుకో."

"ఏం దాచుకోను మామా? దాచుకుని ఎవరికి చెప్పుకోను?"

మామ కళ్ళద్దాలు సర్దుకుంటూ తన మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పని ఇంకా బాగా సాగింది. అమ్మాయి లాప్‌టాప్ తెర మీద అచ్చుల బొమ్మలు కదిపి చూపిస్తే, మాస్టర్ వంగి చూసి, "ఇది తప్పు, వీపు ముక్క అంచుకి అంత అంటిస్తే రేపు దర్జీ నన్ను తిడతాడు," అనేవాడు. ఆమె సరిదిద్దేది. మధ్యలో కొత్త బట్ట తాను పరిచినప్పుడు అతను చేతిని బోర్లించి, వేళ్ళ వెనకభాగంతో బట్టని ఒకసారి పైనుంచి కిందికి రాశాడు.

"అలా రాశారేం?" అంది ఆమె.

"ఏదీ?"

"చెయ్యి తిప్పి, ఇలా."

"ఓ, అదా. ఏం లేదమ్మా, అలవాటు. చెయ్యి ఊరుకోదు. అది కాదు గాని, అసలు సంగతి ఇది రాసుకో. ఎంత తెలిసిన బట్టయినా సరే, మొదట ఒక్క పొరే కొయ్యాలి. ఒక్క కోటు కుట్టించి వెలుతురులో చూడాలి. అప్పుడే మిగతా పొరలు. ఈ ఒక్కటీ మరిచిపోయావా, నీకు మిగిలేది పీలికలే."

"ఒక్క పొర," అని పైకి అనుకుంటూ ఆమె రాసుకుంది.

*

బుధవారం కంపెనీ పెద్దలు వచ్చారు. కోత మిషన్ మీదికి ఆకుపచ్చ మఖమల్ ఎక్కించారు. మూడు వందల కోట్లు కుట్టివ్వాల్సిన ఆర్డరు అది, వచ్చే వారానికి పోవాలి. మాస్టర్‌ని ఎవరూ పిలవలేదు, తానుల అరల దగ్గర నిలబడి దూరం నుంచే చూస్తున్నాడు. అమ్మాయి మేనేజరుతో ఏదో అంటోంది, ఒక వేలు చూపిస్తోంది. మేనేజరు ఈగని తోలినట్టు చెయ్యి విదిలించాడు. నలభై పొరలు పరిచారు.

మిషన్ కోసేసింది. పావుగంటైనా పట్టలేదు. మిగిలిన గుడ్డ పోగుచేసి తూస్తే, మాస్టర్ చేత్తో కోసినప్పటికంటే తక్కువ తేలింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. అరల దగ్గర మాస్టర్ కూడా కొట్టాడు. నవ్వకండి, నిజంగానే కొట్టాడు. తను చెప్పిన మాటలే కదా అక్కడ పరుగులు తీస్తున్నాయి.

మూడింటికి మొదటి కోటు కుట్టి బొమ్మకి తొడిగారు. కుడి చెయ్యి ఆకుపచ్చగా ఉంది. ఎడమ చెయ్యి దాదాపు నల్లగా ఉంది.

మఖమల్‌కి నూగుంటుంది. ఒకవైపు నిమిరితే అణిగి మెరుస్తుంది, ఎదురు నిమిరితే లేచి ముదురుతుంది. అందుకని కోటు ముక్కలన్నీ ఒకే వైపు తల పెట్టుకుని పడుకోవాలి. కంప్యూటర్ గుడ్డ ఆదా చేద్దామని ఒక చేతి ముక్కని తలకిందులు చేసి సందులో ఇరికించింది. ఒక్క పొరలో జరిగుంటే ఒక్క కోటుతో పోయేది. ఇప్పుడు నలభై పొరల్లో నలభై కోట్లూ పాడయ్యాయి.

పెద్దలు మాట్లాడకుండా కార్లెక్కారు. మేనేజరు అద్దాల గదిలోకి ఇద్దర్నీ పిలిచాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలి కదా.

"నువ్వు కావాలనే దాచావు," అన్నాడు మాస్టర్‌తో. పొద్దుటిదాకా మీరు, ఇప్పుడు నువ్వు. "ఉద్యోగం పోతోందని కడుపుమంట. మఖమల్ సంగతి తెలియదా నీకు?"

"తెలుసు సార్. రెండు రోజులూ మామూలు బట్టే పరిచాం, మఖమల్ మాటే రాలేదు. నీళ్ళు పల్లానికి పారతాయని పనిగట్టుకుని ఎవరు చెబుతారు సార్? అయినా ఏ బట్టకైనా మొదట ఒక్క పొరే కొయ్యమని చెప్పాను."

"చెప్పాడా?" మేనేజరు అమ్మాయి వైపు తిరిగాడు.

ఆమె తలవంచుకుంది. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఒక్క పొర అంటే పెద్దల ముందు నవ్వులపాలవుతాం, నలభై పొరలూ పరిచెయ్యి అన్నది ఎదురుగా కూర్చున్న ఈ మనిషే. అది ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

"నిన్నే అడుగుతున్నా. చెప్పాడా?"

"అంటే సార్..." అని నీళ్ళు నమిలింది.

"విన్నావుగా. వెళ్ళు. రేపు సాయంత్రానికి ఆ ఫారం నా బల్ల మీద ఉండాలి. లేకపోతే అదీ లేదు."

ఆ సాయంత్రం మాస్టర్ పొయ్యి వెలిగించలేదు. చాప మీద పేపరు ముక్కలు అలాగే పడున్నాయి, వాటిని కాలితో పక్కకి నెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మేనేజరు మాటలు అతన్ని అంతగా గుచ్చలేదు. మేనేజర్లు అలాగే మాట్లాడతారు, అందుకే వాళ్ళకి అద్దాల గది. రెండు రోజులు తన మాటని కళ్ళార్పకుండా విన్న మనిషి, తన కోసం ఒక్క మాట అనలేకపోయిందే, అది గుచ్చింది. ఎవరూ లేనప్పుడు ఒంటరిగా ఉండటం అలవాటైన పనే. ఒక తోడు దొరికిందనుకున్నాక ఒంటరిగా కూర్చోవడం వేరు. బొత్తాల మామ చెప్పింది వినాల్సింది అనుకున్నాడు. ఫారం ముందేసుకుని మూడు గళ్ళూ చూశాడు. ఏది పెడితే ఏమిటి? ఏ భాష వచ్చినా మాట్లాడటానికి అవతల మనిషుండాలిగా.

*

గురువారం బల్ల మీద మఖమల్ తాను పరిచాడు. పాడైన నలభైకి బదులు కొన్నయినా చేత్తో కొయ్యమన్నారు. పరిచి, అచ్చు అందుకోబోతూ ఆగిపోయాడు. అతని కుడిచెయ్యి అప్పటికే బట్ట మీద ఉంది. బోర్లా తిరిగి, వేళ్ళ వెనకభాగంతో పైనుంచి కిందికి జారుతోంది.

చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. కింది నుంచి పైకి రాస్తే గరుకు తగిలింది. ఓరి నాయనో అనుకున్నాడు. నూగు ఎటుందో ఇన్నేళ్ళూ తను కళ్ళతో చూసి తెలుసుకుంటున్నాననుకున్నాడు. కళ్ళు కాదు, ఈ చెయ్యి. ప్రతి బట్టనీ ఇదే ముందుగా పలకరిస్తోంది. ఆ అమ్మాయి కనిపెట్టింది, అడిగింది. తనే అలవాటని కొట్టిపారేశాడు.

అంటే తప్పు కొంత తనది కూడా. ఆ మాట ఒప్పుకోవడానికి కాస్త కష్టంగా ఉంది, కాస్త తేలిగ్గానూ ఉంది. ఇంకో సంగతి కూడా తట్టింది. ఇది డబ్బాలోకి పోలేదు. ఇది దాచుకుంటే మఖమల్ వచ్చినప్పుడల్లా వాళ్ళు తన గుమ్మం తొక్కాల్సిందే.

మూడు దాటాక అమ్మాయి వచ్చింది. స్టూలు లాక్కోలేదు, సంచి భుజం మీదే ఉంది.

"నిన్న నోరు పెగల్లేదు మాస్టర్," అంది. "మీరు ఒక్క పొర అని చెప్పారు. నేను ఆయనకి చెప్పాను. ఆయనే వద్దన్నారు. ఇందాక వెళ్ళి ఈ మూడు ముక్కలూ అనేసి వచ్చాను."

"ఏమన్నాడు?"

"కాంట్రాక్టు ఇవాళ్టితో సరి అన్నారు. రేపట్నుంచి రావద్దన్నారు."

మాస్టర్ చేతిలో అచ్చు పక్కన పెట్టాడు. నిన్నంతా పెంచుకున్న కోపం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఈ పిల్ల ఎదురుగా రెండు రోజులు నోరు మూయకుండా వాగాడు. ఒక్కటంటే ఒక్క ప్రశ్న తను అడగలేదు.

"ఎవరితో ఉంటావమ్మా నువ్వు?"

ఆమె కొంచెం ఉలిక్కిపడింది. "నేనొక్కదాన్నే. హాస్టల్లో గది."

"మరి తిండీ తిప్పలూ?"

"ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు."

ఆ జవాబు అతనికి కొత్తది కాదు. స్టూలు అతనే లాగి వేశాడు. "కూర్చో. ఇంతకీ ఇదంతా ఏ భాషలో రాశావు?"

"పాస్కల్ అని. చాలా పాతది. మీవాళ్ళు ఎక్కడో వాడేసింది కొని తెచ్చిన కోత మిషన్ ఆ కాలం నాటిది, దానికి అదే అర్థమవుతుంది. మా కాలేజీలో ఒక ముసలాయన నేర్పేవాడు, క్లాసులో నేనూ ఇంకో ఇద్దరం. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. చివరికి దానివల్ల దొరికింది ఈ ఒక్క పనే."

"ఈ ఫారంలో లేదే?"

"ఎందుకుంటుంది? ఎవరో మార్కెట్‌లో బాగా పోయేవి మూడు చూసి రాసుంటారు. మీ మిషన్ ఏ భాషలో నడుస్తుందో వాళ్ళెవరూ నన్ను అడగలేదు." ఫారం తీసుకుని చూసింది. "మీరు పైథాన్ పెట్టండి మాస్టర్. కొత్తవాళ్ళకి కాస్త దయగా ఉంటుంది. రేపు వీళ్ళు మిమ్మల్ని తీసేసినా బయట ఎక్కడైనా నిలబడతారు. పాస్కల్ జోలికి మాత్రం వెళ్ళకండి."

వారమంతా విన్న సలహాల్లో, రేపు మీరు ఏమైపోతారో అని ఆలోచించి ఇచ్చింది ఇదొక్కటే. మంచి సలహా కూడా.

ఆమె వెళ్ళేముందు లాప్‌టాప్ తెరిచి చూపించింది. అర్థంకాని గీతలు, గుర్తులు. వాటి మధ్య అక్కడక్కడ చక్కటి తెలుగు. 'పెద్దవాళ్ళు కూర్చుంటే పిల్లలు ఏ సందులోనైనా సర్దుకుంటారు.' 'కాలర్ పొగరుబోతు, ముందే బతిమాలుకోవాలి.' ప్రతిదాని పక్కనా 'మాస్టర్ చెప్పారు' అని ఉంది.

"ఈ వరసలు మిషన్ చదవదు," అంది. "తర్వాత దీన్ని బాగుచేయడానికి వచ్చే మనుషుల కోసం. దీని కాపీ ఒకటి మీ కోత మిషన్‌లో ఉంచి వెళ్తున్నాను."

మాస్టర్ ఆ వరసల్ని వేలితో తడుముతూ చదివాడు. చదవడం అయ్యాక ఫారం వెనక్కి తీసుకుని, "నీ పేరూ నంబరూ ఒక కాయితం మీద రాసివ్వమ్మా," అన్నాడు. రాసిచ్చింది. వెళ్ళొస్తానంది, వెళ్ళింది. స్టూలు ఖాళీగా ఉంది. మాస్టర్ పెన్ను తీశాడు.

అద్దాల గదిలో సిస్టమ్స్ గది పెద్ద నిలబడి ఉన్నాడు. మేనేజరు ముఖం వాచినట్టుంది.

"మాకు రాదు సార్," అంటున్నాడు పెద్ద. "ఆ అమ్మాయి రాసిన ప్రోగ్రాం తెరిచి చూశాను, మావాళ్ళెవరికీ ఆ భాష ముక్క తెలియదు. జావాలో మొదట్నుంచి రాయాలంటే ఆర్నెల్లు, అప్పటికైనా ఈ మిషన్ దాన్ని వింటుందని నేను పూచీ పడలేను."

"ఆర్డరు వచ్చే వారం పోవాలయ్యా!"

"అందుకే చెబుతున్నా సార్."

అతను వెళ్ళిపోయాడు. మాస్టర్ ఫారం బల్ల మీద పెట్టాడు. మేనేజరు సగం చూపుతో అందుకుని, చదివి, పూర్తిగా చూశాడు. మూడు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. వాటి కింద, బట్ట మీద గీత గీసే చేత్తో తిన్నగా గీసిన నాలుగో గడి ఉంది. పక్కన పాస్కల్ అని ఉంది. లోపల టిక్కు ఉంది.

"ఇదేమిటి? ఇది ఎక్కడ నేర్పుతారు? ఏ సంస్థ?"

"కింద రాశాను సార్, నేర్పేవారు అన్న చోట."

మేనేజరు కిందికి చూశాడు. ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. కనుబొమలు ముడిచి ఆ పేరు రెండుసార్లు చదువుకున్నాడు.

"ఎవరీమె?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడని మాస్టర్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది.

"రేపట్నుంచి రావద్దని మీరు ఇందాక చెప్పిన అమ్మాయి సార్."

మేనేజరు ముఖం ఎర్రబడింది. అద్దాల అవతల, బొమ్మ ఇంకా ఆ రెండు రంగుల కోటు వేసుకునే ఉంది.

"మఖమల్ ఏమంటుందో నాకు తెలుసు," అన్నాడు మాస్టర్. "దాన్ని మిషన్‌కి చెప్పడం ఆ అమ్మాయికి తెలుసు. నన్నొక్కణ్ణీ ఉంచుకున్నా మీకు పని జరగదు, ఆమె ఒక్కతే ఉన్నా జరగదు. అది ఈ వారం చూశాం. ఇందులో ఇక మార్చడం కుదరదని మీ ఫారంలోనే ఉంది సార్."

జీవితంలో ఇంత పొడుగు మాట అతను ఏ మేనేజరు ముందూ ఆడలేదు. పెన్ను మూత తీసిన చప్పుడు వినబడింది.

"ఈ పేరు," అన్నాడు మేనేజరు తల ఎత్తకుండా, "సరిగ్గానే రాశారా? కొత్త కాంట్రాక్టు కాయితం మీద ఎక్కించాలి."

"ఆమె చేత్తో రాసిచ్చిందే సార్."

మేనేజరు సంతకం పెట్టాడు.